పంతొమ్మిది నుంచి పాతిక దాకా

2016 ఫిబ్రవరి 14న మీర్పూర్‌లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. ఇషాన్ కిషన్ నాయకత్వంలోని భారత జట్టులో రిషభ్ పంత్, సర్ఫరాజ్ ఖాన్, వాషింగ్టన్ సుందర్ ఉన్నారు. ఆంధ్ర కుర్రాడు రికీ భుయ్ కూడా ఆ బృందంలోని వాడే. అటువైపు షిమ్రన్ హెట్‌మయర్ కెప్టెన్‌గా వెస్టిండీస్. అల్జారీ జోసెఫ్ వేగానికి మన పై వరుస కూలిపోయింది. సర్ఫరాజ్ ఒక్కడే అర్ధసెంచరీ కొట్టి ఎదురు నిలిస్తే స్కోరు 145 దాకా వెళ్ళింది. ఛేదనలో కీసీ కార్టీ తొణకకుండా 52 పరుగులు చేసి చివరిదాకా నిలబడ్డాడు. కరీబియన్ దీవులకు ఆ వయోవిభాగంలో అదే తొలి ప్రపంచకప్.

రెండున్నరేళ్ళ తర్వాత, 2018 అక్టోబరు 24న, విశాఖపట్నంలో పంత్, హెట్‌మయర్ మళ్ళీ ఎదురయ్యారు. ఈసారి సీనియర్ జట్ల తరఫున. ఇద్దరి వయసూ ఇరవై ఒకటే. విరాట్ కోహ్లీ 157 పరుగులతో అజేయంగా నిలిచి, వన్డేల్లో పదివేల మైలురాయి దాటిన మ్యాచ్ అది. భారత్ 321 చేసింది. హెట్‌మయర్ సిక్సర్ల మీద సిక్సర్లు బాది 94 దగ్గర అవుటయ్యాడు. షై హోప్ 123తో అజేయంగా మిగిలి, ఆఖరి బంతికి ఫోర్ కొట్టి స్కోరు సమం చేశాడు. కోహ్లీ కోసం వచ్చిన విశాఖ ప్రేక్షకులు ఇద్దరు కరీబియన్ కుర్రాళ్ళ పేర్లు కూడా గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళారు. వెస్టిండీస్ బ్యాటింగ్‌కు మళ్ళీ మంచిరోజులు వచ్చాయని ఆ రాత్రి ఎవరైనా అని ఉంటే కాదనేవాళ్ళు లేరు.

అక్కణ్ణుంచి దారులు విడిపోయాయి. పంత్ ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో టెస్టు సెంచరీలు కొట్టాడు. హెట్‌మయర్ 16 టెస్టులు ఆడి, ఒక్క సెంచరీ కూడా లేకుండా, 2019 నవంబరులో లక్నోలో చివరి టెస్టు ఆడాడు. అప్పటికి అతనికి ఇంకా 23 నిండలేదు. 2022లో ఆస్ట్రేలియా వెళ్ళే విమానం అందుకోలేక టీ20 ప్రపంచకప్ జట్టులో చోటే పోగొట్టుకున్నాడు. ఆ వైఫల్యంలో అతని పాలు అతనికి ఉంది. కానీ మీర్పూర్‌లో అతనితో కప్పు ఎత్తినవాళ్ళందరి కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే, అది ఒక్క మనిషి తప్పుగా కనిపించదు. ఫైనల్ హీరో కార్టీకి సీనియర్ జట్టు పిలుపు రావడానికి ఆరేళ్ళు పట్టింది. కీమో పాల్ మూడు టెస్టుల దగ్గర, చెమార్ హోల్డర్ ఒకే ఒక్క టెస్టు దగ్గర ఆగిపోయారు. వికెట్‌కీపర్ టెవిన్ ఇమ్లాక్ టెస్టు ఆడేసరికి 2025 వచ్చింది.

గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఫైనల్ ఆడినవాళ్ళలో రెండు జట్ల నుంచీ కనీసం ఆరుగురు చొప్పున సీనియర్ స్థాయికి చేరారు. అంటే ప్రతిభను పట్టుకోవడంలో వెస్టిండీస్ మనకంటే వెనకబడి లేదు. వెనకబడింది ఆ తర్వాతి ఆరేళ్ళలో. కరీబియన్ క్రికెట్ వ్యవస్థ కుర్రాళ్ళను వాళ్ళ శక్తి మేరకు ఎదగనిస్తోందా అన్న ప్రశ్నను పంతొమ్మిదో ఏటికీ పాతికో ఏటికీ మధ్యనే వెతకాలి. మిగిలిన కారణాలన్నీ, డబ్బు, బోర్డు, పిచ్‌లు, టీ20 లీగులు, ఆ ఆరేళ్ళలోనే వచ్చి కలుస్తాయి.

ప్రతిభను వెతికి పట్టుకోవడం ఆ దీవులకు ఎప్పుడూ కష్టం కాలేదు. ఇంగ్లిష్ మాట్లాడే కరీబియన్ మొత్తం జనాభా మన ఒక్క హైదరాబాదు నగరానికి కూడా చాలదు. అందులో బార్బడోస్‌ది మూడు లక్షల లోపే. ఆ చిన్న దీవి నుంచే ఫ్రాంక్ వోరెల్, ఎవర్టన్ వీక్స్, క్లైడ్ వాల్కాట్, గార్ఫీల్డ్ సోబర్స్, వెస్ హాల్, మాల్కమ్ మార్షల్, జోయెల్ గార్నర్, గోర్డన్ గ్రీనిడ్జ్ వచ్చారు. కారణం గాలిలోనో నీటిలోనో లేదు. కాంబర్‌మియర్, హారిసన్ కాలేజీ లాంటి పాఠశాలల జట్లు అక్కడ పెద్దవాళ్ళ ఫస్ట్ డివిజన్ లీగులోనే ఆడేవి. పదహారేళ్ళ పిల్లవాడు శనివారం మధ్యాహ్నం టెస్టు బౌలర్‌ను ఎదుర్కోవాల్సి వచ్చేది. పెద్ద క్లబ్బుల గడప తొక్కనివ్వని పేద నల్లవాళ్ళ కోసం 1930లలో బార్బడోస్ క్రికెట్ లీగ్ పుట్టింది. చెరకు తోటల ఊళ్ళ జట్లన్నీ అందులో ఆడేవి. సోబర్స్, కాన్రాడ్ హంట్ ఆ లీగు నుంచి పైకొచ్చినవాళ్ళే.

గయానాలో వాల్కాట్ చేసిన పని ఇంతకంటే పెద్దది, ఇంతకంటే తక్కువ మందికి తెలిసింది. 1954లో చక్కెర కంపెనీల సంఘం ఆయన్ని తోటల్లో క్రికెట్ నిర్వాహకుడిగా నియమించింది. అప్పటికి ఆయన ప్రపంచంలోని మేటి బ్యాట్స్‌మన్లలో ఒకడు. ఎస్టేటు నుంచి ఎస్టేటుకి తిరిగి మైదానాలు బాగుచేయించాడు, పోటీలు పెట్టించాడు, కుర్రాళ్ళకు బ్యాట్ పట్టడం నేర్పాడు. బెర్బీస్ తీరంలో పోర్ట్ మోరాంట్ అనే ఒక్క ఎస్టేటు నుంచి రోహన్ కన్హాయ్, బేసిల్ బుచర్, జో సోలమన్ కొద్దికాలం తేడాలో టెస్టు జట్టుకి చేరారు. ఆ తర్వాత వచ్చిన ఆల్విన్ కాళీచరణ్ కూడా అక్కడివాడే. అంతకుముందు రాజధాని జార్జ్‌టౌన్ దాటి సెలక్టర్ల చూపు పోవడం అరుదు. ఆ బెర్బీస్ తోటల్లో స్థిరపడిన కూలీల్లో మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళు చాలామంది, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక మనిషికి జీతమిచ్చి, బాధ్యత అప్పగించి, పదేళ్ళకు పైగా అదే పనిలో ఉండనిస్తే ఏమవుతుందో చెప్పడానికి కరీబియన్ క్రికెట్‌లో ఇంతకు మించిన రుజువు లేదు.

ట్రినిడాడ్‌లో బ్రయాన్ లారాను ఆరేళ్ళ వయసులో వాళ్ళక్క ఆగ్నెస్ కోచింగ్ క్లినిక్‌లో చేర్పించింది. తర్వాత ఫాతిమా కాలేజీ, పాఠశాలల లీగు, దీవి జట్టు, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కాడు. జమైకాలో, ఆంటిగ్వాలో, గ్రెనడాలో కూడా ఈ కింది మెట్లు ఏదో ఒక రూపంలో ఉన్నాయి. కొన్నిచోట్ల అరిగిపోయాయి, కొన్నిచోట్ల కోచ్‌లకు జీతాల్లేవు. అయినా అండర్-15, అండర్-17, అండర్-19 టోర్నీల నుంచి ఏటా ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు చూసినవాళ్ళ కళ్ళు చెదిరేలా వస్తూనే ఉన్నారు. 2018 అండర్-19 ప్రపంచకప్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడు డొమినికా కుర్రాడు అలిక్ అథనేజ్.

మరి పై మెట్టు ఎక్కడుంది? చాలాకాలం అది కరీబియన్‌లో లేదు. ఇంగ్లండ్‌లో ఉంది.

లియరీ కాన్‌స్టంటైన్ 1929లో లాంకషైర్ లీగులోని నెల్సన్ క్లబ్బుకి వెళ్ళిన నాటి నుంచి వెస్టిండీస్ ఆటగాడి పై చదువు అక్కడే. 1968లో కౌంటీలు విదేశీ ఆటగాళ్ళను నివాస నిబంధన లేకుండా నేరుగా తీసుకోవడం మొదలయ్యాక ఆ తలుపు బార్లా తెరుచుకుంది. క్లైవ్ లాయిడ్ లాంకషైర్‌కి, వివియన్ రిచర్డ్స్, గార్నర్ సోమర్‌సెట్‌కి, గ్రీనిడ్జ్, ఆండీ రాబర్ట్స్, మార్షల్ హాంప్‌షైర్‌కి ఆడారు. వేసవి అంతా వారానికి ఆరు రోజుల ఆట. తడి పిచ్, పొడి పిచ్, మబ్బు, చలిగాలి. ఒక్కో కుర్రాడు ఏడాదికి ఇరవై ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడేవాడు. ఆ ఖర్చులో వెస్టిండీస్ బోర్డు పెట్టింది పైసా లేదు.

1977లో ఆస్ట్రేలియా టీవీ వ్యాపారి కెర్రీ ప్యాకర్ తన సొంత పోటీలతో వచ్చి ఇంకో పొర చేర్చాడు. జీతాలు పెంచాడు. డెన్నిస్ వైట్ అనే ఆస్ట్రేలియా శిక్షకుణ్ణి జట్టుకి అప్పగించాడు. ఆయన ఆటగాళ్ళను పరుగులు పెట్టించి, సాగదీసి, ఇనుములా మార్చాడు. ప్యాకర్ సర్కస్ ముగిసినా వైట్ మాత్రం రెండు దశాబ్దాలకు పైగా వెస్టిండీస్‌తోనే ఉండిపోయాడు. 1980 నుంచి 1995 దాకా 29 సిరీస్‌ల పాటు ఓటమి ఎరగని ఆ జట్టు కరీబియన్ ప్రతిభతో తయారైంది. దానికి పదును పెట్టింది మాత్రం ఇంగ్లండ్ కౌంటీలు, ఒక ఆస్ట్రేలియన్ శిక్షకుడు, ఒక ఆస్ట్రేలియన్ టీవీ వ్యాపారి డబ్బు. ఈ నిజాన్ని గెలుపు రోజుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కౌంటీలు విదేశీయుల సంఖ్య తగ్గిస్తూ పోయాయి. ఆ దారిలో నడిచిన చివరి తరం కర్ట్లీ ఆంబ్రోస్, కోట్నీ వాల్ష్, ఇయాన్ బిషప్, లారాలది. 1995లో కింగ్‌స్టన్‌లో స్టీవ్ వా 200 కొట్టి ఆ పదిహేనేళ్ళ ఏలుబడికి తెరదించాడు. అప్పటికే వెస్టిండీస్ కుర్రాడికి పై చదువు చెప్పే చోటు లేకుండా పోయింది.

బోర్డు అప్పుడే మేల్కొని ఉండాలి. మేల్కొంది, మళ్ళీ నిద్రపోయింది, మళ్ళీ మేల్కొంది. 2001లో గ్రెనడాలోని సెయింట్ జార్జెస్ విశ్వవిద్యాలయంలో షెల్ కంపెనీ సొమ్ముతో అకాడమీ పెట్టారు. రూడీ వెబ్‌స్టర్ లాంటి అనుభవజ్ఞుడు దాన్ని నడిపాడు. కొన్నేళ్ళకు అది ఆగిపోయింది. 2010లో బార్బడోస్‌లోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయం ఆవరణలో సాజికోర్ బీమా సంస్థ పేరుతో హై పర్ఫార్మెన్స్ సెంటర్ మొదలైంది. పదిహేను మంది కుర్రాళ్ళతో నడిచిన ఆ కేంద్రం కథ కూడా కొన్నేళ్ళకే ముగిసింది. 2022లో ఆంటిగ్వాలో వెస్టిండీస్ అకాడమీ పెట్టారు. ఇరవై ఏళ్ళలో ఒకే ఇల్లు మూడుసార్లు పునాది నుంచి కట్టారన్నమాట. ప్రతిసారీ కోచ్‌లు మారారు, పద్ధతులు మారాయి. మధ్యలో ఖాళీ పడిన ఏళ్ళలో పంతొమ్మిదేళ్ళు నిండిన కుర్రాళ్ళకు ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్ళు లేరు. స్పాన్సర్ పోతే ఆగిపోయేది వ్యవస్థ అనిపించుకోదు. వాల్కాట్‌కి బెర్బీస్‌లో దొరికిన ఏళ్ళు ఈ మూడింటిలో మొదటి రెండింటికీ దొరకలేదు.

న్యాయంగా చెప్పాలంటే 2014లో బోర్డు ఒక పెద్ద పని చేసింది. రిచర్డ్ పైబస్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు ప్రొఫెషనల్ క్రికెట్ లీగ్ మొదలైంది. ఆరు ప్రాంతీయ జట్లు, జట్టుకి పదిహేను మంది చొప్పున 90 మందికి ఏడాది పొడవునా జీతం. అంతకుముందు ఫస్ట్‌క్లాస్ ఆటగాడు సీజన్ అయిపోగానే వేరే బతుకుతెరువు చూసుకోవాల్సిందే. కొత్త లీగులో ప్రతి జట్టూ మిగిలిన అయిదు జట్లతో ఇంటా బయటా కలిపి పది మ్యాచ్‌లు ఆడింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఉద్యోగంలా క్రికెట్ ఆడుకోగలిగిన తొలి అవకాశం అది.

ఆ మంచి పనికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దగ్గరే నిప్పు రాజుకుంది. సీనియర్ ఆటగాళ్ళకు వచ్చే సొమ్ములో కొంత కోసి దేశవాళీ జీతాలకు మళ్ళించడానికి బోర్డు, ఆటగాళ్ళ సంఘం ఒప్పందం చేసుకున్నాయి. తమను అడక్కుండా తమ జీతం ఎలా తగ్గిస్తారని జాతీయ జట్టు ఎదురు తిరిగింది. 2014 అక్టోబరులో భారత పర్యటన మధ్యలో, ధర్మశాల వన్డే తర్వాత, జట్టు మొత్తం ఇంటిదారి పట్టింది. తెలుగువాళ్ళకు ఆ పర్యటన రెండు విధాలా గుర్తే. హుద్‌హుద్ తుపాను విశాఖ వన్డేను తీసుకుపోయింది, ఈ గొడవ హైదరాబాద్ టెస్టును తీసుకుపోయింది. భారత బోర్డు దాదాపు 4.2 కోట్ల డాలర్ల నష్టపరిహారం అడిగింది. దేశవాళీ కుర్రాడికి జీతం ఇవ్వాలన్న ఆలోచన సరైనదే. దాన్ని సీనియర్లతో కూర్చుని మాట్లాడి చేయాల్సింది పోయి, వాళ్ళ వెనక చేశారు. ఆ గాయం చాలా ఏళ్ళు మానలేదు.

అయినా ఆ లీగు ఏం చేయగలదో గయానా చూపించింది. 2014-15 నుంచి వరసగా అయిదుసార్లు ఫస్ట్‌క్లాస్ టైటిల్ గెలిచింది. హెట్‌మయర్, కీమో పాల్, స్పిన్నర్లు దేవేంద్ర బిషూ, వీరసామి పెర్మాల్ ఆ జట్టువాళ్ళే. జీతాలిచ్చే జట్టు, కుదురైన కోచింగ్, కింద సొంత ప్రాంతీయ లీగు ఉంటే ఫలితం దక్కిందని దీన్నిబట్టి ఒప్పుకోవాలి. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది. బోర్డు ఖజానా ఖాళీ అయింది. 2022లో, 2023లో ఒక్కో జట్టుకీ అయిదేసి మ్యాచ్‌లే మిగిలాయి. తర్వాత అకాడమీ, కాలేజీల జట్లను కలుపుకుని మ్యాచ్‌లను ఏడుకు పెంచారు. రిచర్డ్స్ తరం ఇంగ్లండ్‌లో ఒక్క వేసవిలో ఆడినన్ని మ్యాచ్‌లు ఆడడానికి ఇప్పటి కుర్రాడికి మూడు నాలుగేళ్ళు పడుతుంది.

ఈ కొరత బ్యాట్స్‌మన్‌ను కొట్టినంతగా బౌలర్‌ను కొట్టదు. అడ్రియన్ బరత్ సంగతి చూడండి. లారా మెచ్చి చేరదీసిన ట్రినిడాడ్ కుర్రాడు. 2009 నవంబరులో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా మీద తన తొలి టెస్టులోనే 104 కొట్టాడు. వయసు పంతొమ్మిది. టెస్టు సెంచరీ చేసిన అతి పిన్న వెస్టిండీస్ ఆటగాడిగా జార్జ్ హెడ్లీ పేరు పక్కకు జరిపి తన పేరు రాసుకున్నాడు. మొత్తం 15 టెస్టులు ఆడాడు. రెండో సెంచరీ రాలేదు. 2012 తర్వాత టెస్టు జట్టులో కనిపించలేదు. ఇరవై రెండేళ్ళకే అతని టెస్టు జీవితం అయిపోయింది. లోపం ఎక్కడుందో చూసి, దిద్ది, రెండేళ్ళు దేశవాళీలో దంచి తిరిగి రమ్మని పంపడానికి సరైన చోటే లేదు.

షై హోప్‌ది ఇంకా మనసుకు పట్టే కథ. 2017 ఆగస్టులో హెడింగ్లీలో ఇంగ్లండ్ మీద 147, 118 నాటౌట్. ఆ మైదానంలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీ చేసినవాడు అంతకుముందు ఎవరూ లేరు. వెస్టిండీస్ 322 ఛేదించి గెలిచింది. ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడికి తర్వాతి టెస్టు సెంచరీ ఎప్పుడొచ్చింది? 2025 అక్టోబరులో, ఢిల్లీలో. ఎనిమిదేళ్ళు. మధ్యలో మూడున్నరేళ్ళకు పైగా టెస్టు జట్టులోనే లేడు. అదే ఎనిమిదేళ్ళలో వన్డేల్లో ప్రపంచంలోని మేటి బ్యాట్స్‌మన్లలో ఒకడిగా ఎదిగాడు. చేతిలో ఆట లేకపోవడం కాదు కారణం. అయిదు రోజుల ఆటలో చెడిపోయిన పద్ధతిని సరిచేసుకునేందుకు అతనికి చాలినన్ని నాలుగు రోజుల మ్యాచ్‌లు, నమ్మదగిన పిచ్‌లు దొరకలేదు. కరీబియన్ దేశవాళీ పిచ్‌లు చాలావరకు నెమ్మదైనవి, బంతి తక్కువ ఎత్తుకు లేస్తుంది. వాటి మీద స్పిన్నర్లు, మీడియం పేసర్లు వికెట్లు పంచుకుంటారు, బ్యాట్స్‌మన్ ముప్పైలూ నలభైలూ చేసి వెనుదిరుగుతాడు. రోజంతా బ్యాట్ చేయడం ఎలాగో నేర్చుకోకుండానే టెస్టు జట్టుకి వస్తాడు.

దాని పర్యవసానం 2025 జులైలో కింగ్‌స్టన్ సబైనా పార్క్‌లో కనబడింది. ఆస్ట్రేలియా మీద వెస్టిండీస్ 27 పరుగులకు ఆలౌట్. టెస్టు చరిత్రలో అంతకంటే తక్కువ స్కోరు ఒక్కటే ఉంది, 1955లో న్యూజిలాండ్ చేసిన 26. బోర్డు అధ్యక్షుడు కిషోర్ షాలో వెంటనే లారా, రిచర్డ్స్, లాయిడ్‌లను అత్యవసర సమావేశానికి పిలిచారు. పిలవడం మంచిదే. కానీ ఆ ముగ్గురూ నేర్చుకున్న బడి తెరుచుకోవడానికి వాళ్ళ సలహా ఒక్కటే సరిపోదు.

బౌలర్ల దగ్గరకొస్తే చిత్రం వేరు. జేడెన్ సీల్స్ ఒకే ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ అనుభవంతో పంతొమ్మిదేళ్ళకు టెస్టు ఆడాడు. రెండు నెలలు తిరిగేసరికి సబైనా పార్క్‌లో పాకిస్తాన్ మీద అయిదు వికెట్లు తీసి, ఒక్క వికెట్ తేడా గెలుపుకు దారి వేశాడు. అల్జారీ జోసెఫ్ 2019లో ముంబై తరఫున తన తొలి ఐపీఎల్ మ్యాచ్‌లోనే, ఉప్పల్‌లో, 12 పరుగులిచ్చి ఆరు సన్‌రైజర్స్ వికెట్లు కూల్చాడు. వేగం పుట్టుకతో వచ్చేది. దాన్ని ఇరవై మ్యాచ్‌లు తీర్చిదిద్దకపోయినా కొంతకాలం పనిచేస్తుంది. ఆ తర్వాత శరీరం లెక్క అడుగుతుంది. సీల్స్ మోకాలి గాయంతో నెలల తరబడి కూర్చున్నాడు. జోసెఫ్ ఆ ఐపీఎల్ సీజన్‌లోనే భుజం జారి ఇంటికెళ్ళాడు.

షమార్ జోసెఫ్ కథ ప్రపంచమంతా విన్నదే. గయానాలో కాంజే నది ఒడ్డున బరకారా అనే చిన్న ఊరు. పడవ తప్ప దారి లేదు. చెట్లు నరికే కుటుంబం. తను పట్నం వచ్చి సెక్యూరిటీ గార్డుగా చేశాడు. ఉద్యోగం మానేసి 2023లో గయానా జట్టులోకి వచ్చాడు, అయిదు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడి 2024 జనవరిలో అడిలైడ్‌లో టెస్టు బౌలింగ్ మొదలెట్టాడు. మొదటి బంతికే స్టీవ్ స్మిత్. వారం తర్వాత బ్రిస్బేన్‌లో, ముందురోజు బొటనవేలు నలిగినవాడు, 68 పరుగులిచ్చి ఏడు వికెట్లు తీసి ఎనిమిది పరుగులతో గెలిపించాడు. ఆస్ట్రేలియా గడ్డ మీద వెస్టిండీస్ టెస్టు గెలిచి అప్పటికి 27 ఏళ్ళు.

ఈ కథను వ్యవస్థ ఘనతగా చెప్పుకోవడం అన్యాయం. రొమారియో షెపర్డ్ లాంటి స్థానిక ఆటగాళ్ళ కంట పడకపోతే, ఒక శిబిరంలో ఆంబ్రోస్ గమనించకపోతే, షమార్ ఇప్పటికీ ఏ గేటు దగ్గరో నిలబడి ఉండేవాడు. అతను అండర్-15, అండర్-19 మెట్లేవీ ఎక్కి రాలేదు. నదుల ఎగువన, కొండల వెనక, అలాంటి వాళ్ళు ఇంకెందరున్నారో. డొమినికా బ్యాట్స్‌మన్ కావెమ్ హాజ్‌ది దీనికి అవతలి కొస. 2012లో అండర్-19 ప్రపంచకప్ ఆడిన అతనికి టెస్టు పిలుపు 2024లో, ముప్పై నిండాక వచ్చింది. ఆ జులైలోనే ట్రెంట్ బ్రిడ్జ్‌లో 120 కొట్టాడు. ఇంతకాలం ఆ ఆట ఎవరికీ కనిపించలేదా?

టీ20 లీగులే కరీబియన్ క్రికెట్‌ను తినేశాయన్నది తరచూ వినిపించే మాట. ఆండ్రే రసెల్ ఒక్క టెస్టే ఆడాడు, సునీల్ నరైన్ ఆరు, కీరన్ పొలార్డ్ అసలు ఆడలేదు. నికొలస్ పూరన్ ఒక్క టెస్టూ ఆడకుండానే 2025 జూన్‌లో, ఇరవై తొమ్మిదేళ్ళకు, అంతర్జాతీయ క్రికెట్‌కే వీడ్కోలు చెప్పాడు. 2022 వేలంలో సన్‌రైజర్స్ అతనికి 10.75 కోట్లు పెట్టింది, ఆ తర్వాతి వేలంలో లక్నో అంతకంటే ఎక్కువ ఇచ్చింది. పూరన్ పందొమ్మిదేళ్ళప్పుడు కారు ప్రమాదంలో కాళ్ళు దెబ్బతిని, మళ్ళీ నడుస్తాడా అన్న స్థితి నుంచి లేచి వచ్చినవాడు. అలాంటివాడు తన ఆట ఎక్కడ అమ్ముడుపోతుందో అక్కడికి వెళ్తే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. నిజానికి ఇవాళ కరీబియన్ కుర్రాడికి కౌంటీల స్థానంలో పై చదువు చెప్తున్నది ఈ లీగులే. మంచి కోచ్‌లు, ఫిజియోలు, పెద్ద ఆటగాళ్ళ సాంగత్యం అక్కడే దొరుకుతున్నాయి. 2012, 2016 టీ20 ప్రపంచకప్‌లు ఆ చదువు ఫలితమే. అయితే ఆ బడిలో చెప్పేది నాలుగు ఓవర్ల బౌలింగ్, ఇరవై బంతుల బ్యాటింగ్. టెస్టు పాఠం అక్కడ ఉండదు. పైగా 2022లో టీ20 ప్రపంచకప్ తొలి దశలోనే స్కాట్లండ్, ఐర్లండ్ చేతిలో, 2023లో వన్డే ప్రపంచకప్ అర్హత పోటీల్లో జింబాబ్వే, నెదర్లండ్స్, స్కాట్లండ్ చేతిలో ఓడినప్పుడు, ఆ ఒక్క పాఠం కూడా అందరికీ అందడం లేదని తేలింది.

డబ్బు విషయంలో బోర్డు మొర నిజమైనదే. 2024-27 కాలానికి ఐసీసీ పంపకాల్లో భారత్ వాటా 38.5 శాతం, వెస్టిండీస్‌ది 4.58 శాతం. ఒక దీవి జట్టు మరో దీవికి వెళ్ళాలంటే విమానం ఎక్కాలి. ప్రతి దేశవాళీ రౌండ్‌కూ విమానాల ఖర్చు. కానీ డబ్బు వచ్చిన రోజుల్లోనూ అది కింద మెట్లకు చేరలేదు. 2008 నవంబరులో ఆంటిగ్వాలో అమెరికా వ్యాపారి అలెన్ స్టాన్‌ఫర్డ్ పెట్టిన రెండు కోట్ల డాలర్ల మ్యాచ్ గుర్తుందా? గెలిచిన ఒక్కో ఆటగాడికి పది లక్షల డాలర్లు దక్కాయి. కొన్ని నెలలకే ఆ మనిషి సామ్రాజ్యం మోసమని బయటపడింది, 2012లో 110 ఏళ్ళ జైలుశిక్ష పడింది. అతను వదిలిపోయిన మైదానాన్నే బోర్డు తర్వాత కొనుక్కుని తన కేంద్రం చేసుకుంది.

బోర్డు నిర్మాణం గురించి చెప్పాల్సిందంతా ఇతరులు ఎప్పుడో చెప్పేశారు. జమైకా మాజీ ప్రధాని పి.జె. ప్యాటర్సన్ నివేదిక 2007లో, విల్కిన్ నివేదిక 2012లో, బారిటో నివేదిక 2015లో, వెబీ నివేదిక 2020లో. ఆరు ప్రాంతీయ బోర్డులు అధికారం పంచుకునే పద్ధతి మారాలన్నది వాటన్నిటి సారాంశం. బారిటో బృందమైతే బోర్డునే రద్దు చేయమంది. ఆ పద్ధతిలో ఎవరి దీవి కుర్రాణ్ణి వాళ్ళు ముందుకు తోస్తారు, పదేళ్ళ పథకానికి ఎవరూ పూచీపడరు. అధ్యక్షుడికీ ఆటగాడికీ మాటామాటా పెరిగితే మధ్యలో సర్దిచెప్పేవాళ్ళుండరు. 2016 నవంబరులో డారెన్ బ్రావో కాంట్రాక్టు విషయంలో అధ్యక్షుణ్ణి తిడుతూ ట్వీట్ చేసినందుకు జింబాబ్వే నుంచి ఇంటికి పంపేశారు. అప్పటికి జట్టులో మేటి టెస్టు బ్యాట్స్‌మన్ అతనే. తర్వాత మళ్ళీ వచ్చాడు కానీ ఆ పాత బ్రావో రాలేదు.

మహిళల జట్టులో ఈ లోటు ఇంకా సూటిగా కనిపిస్తుంది. 2016లో కోల్‌కతాలో పద్ధెనిమిదేళ్ళ హేలీ మాథ్యూస్ 66 కొట్టి ఆస్ట్రేలియా మీద టీ20 ప్రపంచకప్ గెలిపించింది. దాదాపు పదేళ్ళు గడిచినా జట్టు భారమంతా ఇంకా ఆమె భుజాల మీదే ఉంది. 2025 వన్డే ప్రపంచకప్‌కు నెట్ రన్‌రేట్‌లో వెంట్రుకవాసి తేడాతో అర్హత పోయింది. ఆమె వెనక వరుసను సిద్ధం చేయలేదు.

చిన్న దీవులు, తక్కువ డబ్బు, అమెరికా ఆకర్షణ. ఈ మూడు కారణాలూ చెప్పేవాళ్ళు జమైకా పరుగు పందేల వైపు ఒకసారి చూడాలి. అక్కడ పాఠశాలల అథ్లెటిక్స్ పోటీలు, చాంప్స్ అని పిలిచేవి, 1910 నుంచి జరుగుతున్నాయి. వాటిలో మెరిసిన పిల్లలు దశాబ్దాల పాటు స్కాలర్‌షిప్‌తో అమెరికా కాలేజీలకు వెళ్ళేవారు. క్రికెటర్లు కౌంటీలకు వెళ్ళినట్టే. అమెరికాలో ఏడాదంతా పరిగెత్తించి పిండేస్తున్నారని స్టీఫెన్ ఫ్రాన్సిస్, మరికొందరు 1999లో కింగ్‌స్టన్‌లో ఎంవీపీ అనే క్లబ్బు పెట్టారు. పిల్లల్ని ఇంట్లోనే ఉంచి పెంచారు. అసఫా పవెల్, షెల్లీ-ఆన్ ఫ్రేజర్ అక్కడివాళ్ళు. గ్లెన్ మిల్స్ నడిపిన రేసర్స్ క్లబ్బులో ఉసేన్ బోల్ట్ పెరిగాడు. బోల్ట్ మొదట ఫాస్ట్ బౌలర్ కావాలనుకున్న పిల్లవాడే, పరుగు వైపు మళ్ళమన్నది అతని పాఠశాల క్రికెట్ కోచ్. అదే జనాభా, అదే పేదరికం, అదే అమెరికా పిలుపు. పంతొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి ఎవరి చేతిలో పెట్టాలో జమైకా అథ్లెటిక్స్ తేల్చుకుంది. కరీబియన్ క్రికెట్ ఇంకా తేల్చుకోలేదు.

ఇటీవలి కొన్ని అడుగులు ఆశ కలిగిస్తాయి. అకాడమీ కుర్రాళ్ళు 2024 నుంచి ఫస్ట్‌క్లాస్ చాంపియన్‌షిప్‌లో సొంత జట్టుగా ఆడారు. హెడ్లీ, వీక్స్ పేర్లతో 2023లో ఒక అదనపు నాలుగు రోజుల సిరీస్ పెట్టారు. 2024 అక్టోబరులో తొలిసారి కొందరు ఆటగాళ్ళకు రెండేళ్ళ కాంట్రాక్టులు ఇచ్చారు. ఇవేవీ ఖరీదైన విప్లవాలు కావు, అందుకే నిలబడే వీలుంది. బోర్డు దగ్గర రూపాయి మిగిలితే అది మొదట వెళ్ళాల్సింది కొత్త భవనానికి కాదు. ఒక్కో జట్టుకీ మళ్ళీ పది మ్యాచ్‌లకు, బంతి ఛాతీ ఎత్తుకు లేచే నాలుగైదు పిచ్‌లకు, ఏటా రెండు ఏ-జట్టు విదేశీ పర్యటనలకు వెళ్ళాలి.

ఆ మ్యాచ్‌లు ఆడడానికి కుర్రాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. ఆంటిగ్వా ఆటగాడు జ్యూయెల్ ఆండ్రూ 2024 అండర్-19 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా మీద 130 కొట్టాడు. ఆ అక్టోబరులోనే పదిహేడేళ్ళకు శ్రీలంకలో వన్డే జట్టులోకి వచ్చాడు, కరీబియన్ లీగులోనూ చోటు దొరికింది. ఇప్పుడతనికి పంతొమ్మిదేళ్ళు. వచ్చే ఆరేళ్ళలో అతను ఎన్ని నాలుగు రోజుల మ్యాచ్‌లు, ఎలాంటి పిచ్‌ల మీద ఆడతాడన్నది ఆంటిగ్వాలోని బోర్డు కార్యాలయంలో, ఏటా వేసే సీజన్ షెడ్యూలులో తేలుతుంది.